అంగిలి పలక

పంది పోయింది, కుక్క పోయింది, గేదె పోయింది, ఇక మిగిలిందెవరు, మనిషి అంటే మనిషిది అన్నిటికంటే ముందే పోయింది. అయినా చావడానికి వీటికేం రోగం, గాజు పళ్ళెంలో నెలల తరబడి హాయిగా బతికినవి అమ్మ నోట్లోకి వెళ్ళేసరికి ఎందుకు చస్తాయి అనుకుంటూ నూకరాజు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే తన సహాయకురాలు జెసింత మొహం చూడాల్సి వస్తుంది. ఆమె పక్కనే నిలబడి ఉంది.

కటకం కింద ఉన్నది నాలుగు వేళ్ళ వెడల్పున్న పలక. నోటి పైకప్పు ఆకారానికి వంచి పోసిన గులాబి రంగు ప్లాస్టిక్. దాని లోపలి వైపు, పాల మీద మీగడ కట్టినంత పల్చగా, బతికున్న కణాల పొర ఉండాలి. ఆ కణాలు రోజంతా జిగురు ఊరుస్తూ ఉండాలి. ఇప్పుడక్కడ ఏమీ లేదు. గుండు గీసినట్టు నున్నటి ప్లాస్టిక్, దాని మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు, అంచుల్లో లేత పసుపు మరక.

"పసుపెక్కడిది సార్?" అంది జెసింత.

కూరల్లోది అన్నాడతను. మరి గీతలు అంటే, నాలుక రాపిడికి అన్నాడు. ఆమె నమ్మలేదు. అతను కూడా నమ్మలేదు. కానీ ఇంకోమాట అనాలంటే ఇంకో ఆలోచన కావాలి, అది రావడం లేదు. ప్రయోగశాలలో వాళ్ళు తయారుచేసుకున్న యంత్రపు నోరు ఒకటి ఉంది. రెండు మెత్తటి రబ్బరు దిమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, మధ్యలోంచి వేడి గాలి కొడుతూ ఉంటుంది. దాంట్లో పంది పలక, గేదె పలక, అన్నీ బతికాయి. ఆ యంత్రానికి లేనిది, అమ్మ నోట్లో ఉన్నది ఏమిటి?

సమీక్షా సంఘం వాళ్ళు కబురు పెట్టేశారట. ఇంకొక్క పలకకు అనుమతి ఇస్తారు. అదీ పోతే ప్రయోగం మూసేసి ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు. ఆ మాట జెసింత మెల్లగా, తప్పు తనదే అన్నట్టు చెప్పింది. నూకరాజుకి ఆ సంఘం మీద కోపం రాలేదు. అమ్మ మీద వచ్చింది. మళ్ళీ చుట్ట మొదలుపెట్టిందా ఏమిటి అనుకున్నాడు. పలకను పట్టకారుతో ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొగ వాసన లేదు. ఏ వాసనా లేదు. నోట్లోంచి తీసిన వస్తువుకి అసలు వాసనే లేకపోవడమేమిటన్న అనుమానం ఆ క్షణాన అతనికి తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

*

నూకరాజు తల్లి అసిరమ్మ అడ్డచుట్ట కాల్చేది. వెలిగించిన చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని కాల్చడం. సోంపేట అవతల సముద్రపు ఒడ్డున ఆమె పుట్టిన పల్లెలో ఆడవాళ్ళంతా అలాగే కాల్చేవారు. నిప్పు బయట ఉంటే సముద్రపు గాలికి ఆరిపోతుంది. నెత్తిన గంప పెట్టుకుని ఊళ్ళోకి నడుస్తుంటే బూడిద చంకలో బిడ్డ మీద పడుతుంది. నోట్లో ఉంటే నిప్పు తన పని తను చేసుకుపోతుంది. చేపల బేరం చేస్తూ, ఎవర్నో తిడుతూ, నోట్లో నిప్పుతోనే ఆమె నవ్వేది. కాలదా అని చిన్నప్పుడు నూకరాజు అడిగితే, నోట్లో నీళ్ళున్నాయి కదరా, అవి చూసుకుంటాయి అనేది.

కొన్నాళ్ళు చూసుకున్నాయి. తర్వాత అంగిలికి పుండు లేచింది, పుండు మానలేదు. కోసి తీసేశారు. తీసినచోట ముక్కులోకి కన్నం పడింది. ఆ కన్నానికి మూతగా పలక పెట్టారు. పలక లేకపోతే మాటలు ముక్కులోంచి పోతాయి, తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. కోసిన తర్వాత కిరణాలు పెట్టారు. కిరణాలు జబ్బును కాల్చాయి, దాంతోపాటు ఉమ్మి ఊరే గ్రంథులన్నిటినీ కాల్చేశాయి. ఆమె నోరు ఎండిన బోదెలా అయిపోయింది. నాలుక పళ్ళకి అతుక్కుని, ఊడదీస్తే చర్మం వచ్చేది. మెతుకు మింగాలంటే గుక్కెడు నీళ్ళు, మాట్లాడాలంటే ఇంకో గుక్కెడు. పోనుపోను మాట్లాడటం తగ్గించేసింది. గంజి తాగేది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

ఉమ్మి అంటే ఉత్త నీళ్ళు కాదని నూకరాజుకి తెలుసు. అది తెలియడమే అతని ఉద్యోగం. నీటిని నోట్లో పట్టి ఉంచేది మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ అతుక్కుంటూ పోయే గొలుసు, దానికి చుట్టూ సీసాలు కడిగే బ్రష్షు కుచ్చులా చక్కెర పోగులు. ఆ ముక్క ఎన్నిసార్లు తిరిగొస్తుందన్నది ఏ జంతువుకా జంతువుకి వేరు. ఒకే జంతువులో కూడా ఒకదానికీ ఇంకోదానికీ వేరు. జెసింత ఒకసారి సరదాకి తల్లీకొడుకుల గొలుసులు కొలిచింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మనిషికి రెండేసి ఉంటాయి కదా. నూకరాజు రెండింటిలో ఒకటి అచ్చం తల్లిదే, ఒక్క ముక్క తేడా లేదు. "సార్, సగం మీ అమ్మగారి ఉమ్మే మీది" అని నవ్వింది. అతను నవ్వలేదు.

అమ్మ పెదవి లోపలి నుంచి చిటికెడు కణాలు తీసి, వాటిలో ఆ గొలుసు తయారుచేసే జన్యువు అమర్చి, పలక మీద పెంచి, నోట్లో పెట్టడం అతని ఆలోచన. మొదట మనిషి గొలుసే పెట్టాడు. కిరణాలకి గరుకెక్కిన నోట్లో అది రెండో రోజుకే మాయమైంది. మనిషిది పొట్టి గొలుసు, తట్టుకోలేకపోయింది అనుకుని, ఎండుగడ్డి నమిలే నోళ్ళను, ఎముకలు కొరికే నోళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ పొరలు కూడా ఒక్కొక్కటిగా మాయమయ్యాయి.

పలక మార్చే రోజున అసిరమ్మ పెరటి వైపు వరండాలో కుర్చీ వేసుకుని ముందే కూర్చునేది. అతను సబ్బుతో చేతులు కడుక్కుని, రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చేవాడు. ఆమె నోరు తెరిచేది. అతను స్టీలు పట్టకారుతో పలకను పట్టుకుని, చెయ్యి బారుగా చాపి, పెట్టెలో వేసి, మూత బిగించేవాడు. తర్వాత, ఎలా ఉందమ్మా అని అడిగేవాడు. బాగుందిరా బాబు అనేది. ప్రతిసారీ అదే. మరి గంజెందుకు తాగుతున్నావంటే అలవాటైపోయిందనేది. ఆమె నిజం చెప్పదని అతనికి తెలుసు. ఎందుకు చెప్పదో తెలియదు. తనను బాధపెట్టడం ఇష్టంలేక అయి ఉంటుందనుకుని, ఆ జాలికి ఇంకా మండిపడేవాడు. ఆమె బాగుందన్న మాట శాస్త్రానికి దేనికీ పనికిరాదు.

చిన్నప్పుడు ఒకసారి ఆమె అతని హాస్టలుకు వచ్చింది. గేటు దగ్గర చుట్ట నోట్లోంచి తీసి, నిప్పార్పి, తడి చుట్టనే చెవి మీద దోపుకుని, అతన్ని దగ్గరికి లాక్కుని చెంప మీద ముద్దు పెట్టింది. తోటి పిల్లలు చూస్తున్నారు. అతను చొక్కా చేతితో చెంప తుడుచుకున్నాడు. ఇంత కాలం తర్వాత కూడా తొడుగులు వేసుకునేటప్పుడు ఒక్కోసారి ఆ గేటు గుర్తొచ్చేది. వెంటనే, ఇది శుభ్రత కోసం, నియమం అనుకునేవాడు. అది నిజమే. నిజం కాబట్టే దాని వెనక ఇంకేముందో చూడాల్సిన అవసరం రాలేదు.

*

ఒంటె ఆలోచన జెసింతది. ముళ్ళు నమిలే నోరు సార్, ఎడారి గాలికి ఆరని నోరు, ఆ గొలుసు చూద్దాం అంది. ఎడారి దాకా పోనక్కర్లేదు, విశాఖ బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే ఒంటె ఉంది. దాని యజమాని అప్పన్న వీళ్ళ సంగతి విని చాలాసేపు తేరుకోలేదు.

"దీని ఉమ్మికోసం డాక్టర్లు కారేసుకొచ్చారంటే మా ఆవిడ నమ్మదండీ. ఓ కాయితం మీద రాసిచ్చేయండి" అన్నాడు.

నూకరాజు దూది చుట్టిన పుల్ల పట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. ఒంటె అతన్ని తీరిగ్గా చూసింది, దవడ పక్కకి తిప్పింది, భుజం నిండా ఊసింది. పిల్లలు గోల చేశారు. అతనికి ఏ మాత్రం రోత కలగలేదు. చొక్కా మీంచి ఆ ముద్దను ఉత్త వేలితో తీసి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య సాగదీశాడు. జానెడు సాగింది, తెగలేదు. ఎండలో మెరిసింది. చాలాకాలం తర్వాత అతను గట్టిగా నవ్వాడు. అదే చొక్కాతో ఇంటికి వెళ్ళి అమ్మకి చూపించి, ఎలా ఊసిందో అభినయించి మరీ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత చొక్కా విప్పి ఇమ్మంది.

ఒంటె గొలుసు వాళ్ళు అంతవరకు చూసిన వాటన్నిటికంటే పొడవు. వానలు తగ్గేలోగా పలక తయారైంది. యంత్రపు నోట్లో వేడి గాలి ఎంత పెంచినా అది ఆరలేదు. సమీక్షా సంఘం వాళ్ళు వచ్చి చూసి, యంత్రాల్లో అన్నీ బాగానే ఉంటాయి అని వెళ్ళారు.

పలక పెట్టిన రోజు సాయంత్రం ఇంటికొస్తే వీధిలోకే మాటలు వినబడ్డాయి. అమ్మ పక్కింటావిడతో మాట్లాడుతోంది. గుక్కెడు నీళ్ళకోసం ఆగకుండా, మాట మీద మాట. ఎవరిదో పడవ సంగతి, ఆ పడవలో దొరికిన సొరచేప సంగతి, దాన్ని కొన్నవాడి పిసినారితనం. గుమ్మంలోనే ఆగి విన్నాడు. లోపల నెత్తళ్ళ పులుసు వాసన. అన్నం వండుకుని, పులుసు కలుపుకుని తిన్నదట.

"నోరూరతందిరా. మరిసేపోనాను ఇలగుంతాదని" అంది.

అతను చూడనివ్వు అంటూ సంచి తెరిచి, తొడుగులు వేసుకుని, టార్చి వెలిగించి నోట్లోకి చూశాడు. నాలుకకీ అంగిలికీ మధ్య సన్నటి తడి పోగు ఒకటి సాగి, తెగి, మళ్ళీ సాగింది. బాగుంది, బాగుంది అన్నాడు. తల ఎత్తేసరికి ఆమె అతని చేతుల వైపు చూస్తోంది. పడవ కథ సగంలో ఉండగానే, పనుందని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్న జెసింత ఒక మాట అంది. ప్రతిసారీ చచ్చాక చూస్తున్నాం సార్, ఈసారి బతికుండగానే చూసి రండి, చావడం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. మంచి సలహా. మధ్యాహ్నానికే అతను పెట్టె, పట్టకారు ఉన్న సంచి తీసుకుని ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా చెడ్డ ఆలోచనలే. నోట్లో ఎక్కడో చిన్న పుండు ఉండి ఉండాలి. లేదా ఆ పొగ ఎముకలో ఇంకిపోయి ఉండాలి. లేదా అసలు ఆమె ఒంటికే ఇష్టం లేదేమో, తను ఇచ్చింది ఏదీ పుచ్చుకోకూడదని ఒట్టు పెట్టుకుందేమో. శాస్త్రజ్ఞుడు ఆలోచించే పద్ధతి కాదది. కానీ ఇన్ని పలకలు పోయాక పద్ధతి మాత్రం ఎక్కడ మిగులుతుంది?

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి, పచ్చగా. పెరటి వైపు పంపు దగ్గర అమ్మ పీట వేసుకుని కూర్చుంది. పక్కన చిన్న పళ్ళెంలో బూడిద, కొబ్బరి పీచు. ఎడమ అరచేతిలో పలక.

నూకరాజు అరిచాడు. ఏమని అరిచాడో అతనికే తెలియదు. ఆమె ఉలిక్కిపడింది, పలక జారి గచ్చు మీద పడింది. ఆమె గబుక్కున తీసుకుంది. అతను పొయ్యి మీది గిన్నె వైపు, పీచు వైపు, ఆమె వైపు చూశాడు. పసుపు మరకలు. గీతలు. గంజి తప్ప ఇంకేమీ ముట్టని మనిషి నోట్లోకి కూరల పసుపు ఎలా వస్తుందని ఒక్కసారైనా అనుకోలేదు.

"ప్రతిసారీ ఇలాగే తోమావా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పలక లేదు కాబట్టి మాట ముక్కులోంచి వచ్చింది, అయినా అతనికి తెలిసింది. "రోజూ తోముతాను, నిన్నొక్కటే మాటల్లో పడి మరిసిపోనాను. పసుపూ ఉప్పూ ఏసిన నీల్లలో ఉడకేస్తాను."

అంటే గేదె చచ్చింది అందుకు. కుక్క అందుకు. పంది, మనిషి, అన్నీ ఆ కొబ్బరి పీచు కిందే. పొట్టి గొలుసూ కాదు, పొడుగు గొలుసూ కాదు. ఎన్ని నెలలు, ఎన్ని నోళ్ళు, జెసింత ఎన్ని ఆదివారాలు మానుకుని వచ్చింది. నవ్వు రాబోయి రాలేదు. అది బతికున్న వస్తువని ఎన్నిసార్లు చెప్పాను, కడగొద్దని చెప్పానా లేదా, అని పళ్ళు బిగించి అడిగాడు. అడుగుతుండగానే అనుమానం వచ్చింది. బతికున్నదని చెప్పాడు. కడగొద్దని చెప్పాడా? నోట్లోంచి తీసిందాన్ని పీచు పెట్టి తోముతారని, ఉడకేస్తారని అతని ఊహకే రాలేదు.

"నాది నాకేటి అసియ్యం? చుట్ట చెవి మీదెట్టి మల్లీ నోట్లో ఎట్టుకున్నదాన్ని" అంది. "నీకు కదా. నువ్వు పట్టకారుతో పట్టుకుంతావు. మూతికి గుడ్డ కట్టుకుంతావు. నువ్వొచ్చే ఏలకి సుబ్బరంగా ఉంతే నీకు బాగుంతాదని."

అది నీ కోసమమ్మా అన్నాడతను. నా చేతుల మీద క్రిములుంటాయి, అవి నీకు తగలకూడదని, అది నియమం. చెబుతుంటే అన్నీ నిజాలే, అన్నీ తన చెవికే పీలగా వినబడ్డాయి.

అసిరమ్మ వాదించలేదు. ఇంతే అంది: "ఒంటె ఊసితే ఏలుతో తీసుకోని నవ్వుకుంట వచ్చినావు. ఆ సొక్కా నానే ఉతికినాను."

పంపు కింద బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. నూకరాజు పీట పక్కన గచ్చు మీద చతికిలబడ్డాడు. ఇంతసేపూ పోగైన కోపం ఇంకా అలాగే ఉంది, కానీ పెట్టుకోవడానికి చోటు లేదు. అమ్మ మీద పెడితే నిలవదు. పీచు మీద పెడితే నవ్వొస్తుంది. ఇంకెవరి మీద పెట్టాలో తెలుస్తూనే ఉంది, అటు చూడాలని లేదు.

పలక ఆమె అరచేతిలో ఉంది. పీచు ఇంకా తగల్లేదు. పొర అలాగే ఉంది, నూనె రాసినట్టు మెరుస్తూ, ఒక అంచున మాత్రం గచ్చు మీది బూడిద రేణువులు అంటుకుని. ఆ మెరుపు కాసేపే ఉంటుంది. గాలికి ఆరడం మొదలైతే చివరి పలక కూడా అయిపోయినట్టే. దాన్ని ఆరకుండా కాపాడేది ఉమ్మి, లేదంటే ద్రవం. సంచిలో పెట్టె ఉంది, పెట్టెలో ద్రవం ఉంది. పట్టకారుతో తీసి అందులో వేసి, మూత బిగించి, ప్రయోగశాలకి పట్టుకెళ్ళి శుభ్రం చేసి తేవచ్చు. చెయ్యవలసింది అదే. అలా చేస్తే ఈ పలక బతుకుతుంది. రేపు అతను ఇంట్లో లేనప్పుడు పొయ్యి మీద మళ్ళీ నీళ్ళు కాగుతాయి. కడగనని ఆమె మాట ఇస్తుంది, బాగుందిరా బాబు అన్నట్టే.

"తీసుకో, ఆరిపోతాది" అంది ఆమె, చెయ్యి ముందుకు చాపి. "పట్టకారు నీ సంచీలో ఉంది కదా."

అతను సంచి జిప్పు లాగాడు. పట్టకారు చల్లగా వేళ్ళకి తగిలింది. ఆమె అటే చూస్తోంది, పట్టించుకోనట్టు, పొడి పెదాలు గట్టిగా మూసుకుని. నూకరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె అరచేతిలోంచి పలకను ఉత్త వేళ్ళతో ఎత్తాడు. అది గోరువెచ్చగా, జారుడుగా ఉంది. బూడిదతో సహా దాన్ని తన నాలుక మీద పెట్టుకుని, నోరు మూసుకున్నాడు.